పాత లెన్సు, పెద్ద సెన్సర్

నలభై యాభై ఏళ్ల కిందటి మాన్యువల్ ఫోకస్ లెన్సును ఈనాటి మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరాకు తగిలించడం గురించి మాట వస్తే రెండు రకాల అభిప్రాయాలు వినబడతాయి. ఇది పాత సామాను మీద మోజున్న వాళ్ల సరదా అని కొందరంటారు. అసలు లెన్సులు కొనలేని వాళ్ల సర్దుబాటు అని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ రెండూ అసలు ప్రశ్నను దాటేస్తున్నాయి. ఆ లెన్సు ఆ కెమెరా మీద మంచి పనితనం చూపిస్తుందా లేదా అన్నది మోజును బట్టీ, ఖరీదును బట్టీ తేలేది కాదు. దాన్ని తేల్చేవి కొలవగలిగిన రెండు మూడు విషయాలు: లెన్సు వెనుక భాగానికీ సెన్సర్‌కూ మధ్య దూరం, లెన్సు వేసే వెలుగు వలయం వెడల్పు, అంచుల్లో కిరణాలు పడే కోణం. ఈ లెక్కలు చూసి ఎంచుకుంటే, నిదానంగా చేసే ఫొటోగ్రఫీలో పాత లెన్సు ఎవరికీ తీసిపోని పనిముట్టు. చూడకుండా ఎంచుకుంటే ఎంత పేరున్న లెన్సైనా మూలలు నల్లబడ్డ బొమ్మనే ఇస్తుంది. నా వాదన అంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ముందు మీడియం ఫార్మాట్ అంటే ఏమిటో చూద్దాం. ఫిల్ము రోజుల్లో పెళ్లిళ్లకూ పత్రికలకూ ఎక్కువగా వాడిన 35 ఎంఎం ఫిల్ములో ఒక ఫ్రేము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేది. స్టూడియోల్లోనూ ప్రకటనల ఫొటోలకూ వాడే 120 రోల్ ఫిల్ము మీద ఫ్రేము ఇంతకంటే బాగా పెద్దది. హాసెల్‌బ్లాడ్ లాంటి కెమెరాల్లో 56 మిల్లీమీటర్ల చదరం, అన్నిటికంటే చిన్నదైన 645 రకంలో సుమారు 56కి 41.5 మిల్లీమీటర్లు. ఆ పెద్ద ఫ్రేములన్నిటికీ కలిపి వాడుకలో నిలిచిన పేరే మీడియం ఫార్మాట్. 2016లో హాసెల్‌బ్లాడ్ ఎక్స్1డి, 2017 మొదట్లో ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 50ఎస్ వచ్చాక ఈ పేరు డిజిటల్‌లో కొంత మందికైనా అందుబాటులోకి వచ్చింది. అయితే వాటిలో ఉన్న సెన్సర్ 43.8కి 32.9 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే ఫిల్ము కాలపు అతి చిన్న మీడియం ఫార్మాట్ కంటే కూడా చిన్నది. మూల నుంచి మూలకు కొలిస్తే 35 ఎంఎం ఫ్రేము 43.3 మిల్లీమీటర్లు, ఈ సెన్సర్ 54.8 మిల్లీమీటర్లు, 645 ఫిల్ము దాదాపు 70 మిల్లీమీటర్లు. ఈ మూడు అంకెల్ని గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా కథంతా వీటిలోంచే వస్తుంది. మధ్య బిందువు నుంచి చూస్తే 35 ఎంఎం లెన్సు 21.6 మిల్లీమీటర్ల దూరం దాకా బొమ్మ వేయాలని తయారైంది. ఇక్కడ దాన్ని 27.4 దాకా వేయమంటున్నాం. తేడా ఆరు మిల్లీమీటర్ల లోపే.

అసలు ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ కెమెరాకు ఎలా పట్టుకుంటుంది? దీనికి కారణం కెమెరాలోంచి అద్దం పోవడం. ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం ఏటవాలుగా ఉండి, షట్టర్ నొక్కగానే పైకి లేచేది. అది తిరగడానికి చోటు కావాలి కాబట్టి లెన్సును ఫిల్ముకు దూరంగా పెట్టాల్సి వచ్చేది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు. హాసెల్‌బ్లాడ్ 500 వరసలో దాదాపు 75. పెంటాక్స్ 67లో ఇంచుమించు 85. అద్దం లేని జీఎఫ్ఎక్స్‌లో ఇది 26.7 మిల్లీమీటర్లే. నికాన్ లెన్సును దీనికి తగిలించాలంటే 46.5లోంచి 26.7 తీసేయగా మిగిలిన 19.8 మిల్లీమీటర్ల పొడవున్న ఖాళీ గొట్టం ఒకటి మధ్యలో పెడితే సరిపోతుంది. అడాప్టర్ అంటే అంతే. అందులో గాజు ఉండదు కాబట్టి బొమ్మకు కొత్తగా వచ్చే నష్టం ఏమీ లేదు. లైకా ఎం లెన్సులకు 27.8 మిల్లీమీటర్ల దూరం కావాలి. అందుకని వాటి అడాప్టర్‌లో లెన్సుకూ కెమెరాకూ మధ్య మిగిలేది 1.1 మిల్లీమీటర్లు మాత్రమే.

గొట్టమే కదా అని తేలిగ్గా తీసుకునే చోటే చాలామంది దెబ్బ తింటారు. ఆ పొడవులో పదోవంతు మిల్లీమీటరు తేడా వస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. 50 ఎంఎం లెన్సుకు అడాప్టర్ 0.1 మిల్లీమీటరు పొడవు ఎక్కువైతే ఆ లెన్సు 25 మీటర్లకు మించి ఫోకస్ కాదు. కొండలు, ఆకాశం, దూరపు ఊరు అన్నీ మసకే. 24 ఎంఎం లెన్సైతే ఆరు మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకని అడాప్టర్లు చేసే వాళ్లు కావాలనే పొడవు కాస్త తగ్గించి చేస్తారు. అప్పుడు దూరపు వస్తువు ఫోకస్‌లోకి వస్తుంది గానీ, లెన్సు మీద చెక్కిన అడుగుల, మీటర్ల గీతలు నిజానికి సరిపోవు. అనంతం గుర్తు ఇంకా రాకముందే దూరం స్పష్టపడుతుంది, ఆ పైన మళ్లీ మసకబారుతుంది. మామూలు లెన్సులకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. దగ్గర వస్తువుల కోసం లోపలి గాజులు ఒకదానికొకటి ఎడం మార్చుకునే రకం లెన్సుల్లో మాత్రం ఆ అమరిక దూరంతో ముడిపడి ఉంటుంది కాబట్టి అంచుల నాణ్యత దెబ్బ తింటుంది. లెన్సు మీద వేలు ఖర్చు చేసి అడాప్టర్ దగ్గర పిసినారితనం చూపించడం నా దృష్టిలో తప్పుడు లెక్క.

ఇక వెలుగు వలయం. లెన్సు చతురస్రపు బొమ్మ వేయదు. టార్చి వెలుగు గోడ మీద పడినట్టు గుండ్రంగా వేస్తుంది, ఆ గుండ్రంలోంచి ఫ్రేము తన దీర్ఘచతురస్రాన్ని కోసుకుంటుంది. 35 ఎంఎం లెన్సు తయారీదారుకు 43.3 మిల్లీమీటర్ల వలయం చాలు. అంతకంటే ఎక్కువ ఇస్తానని ఎవరూ మాట ఇవ్వలేదు. అయినా చాలా లెన్సులు ఎక్కువే ఇస్తాయి. ఫోకల్ లెంగ్త్ పెరిగే కొద్దీ అదే వలయాన్ని నింపడానికి కావలసిన కోణం తగ్గుతుంది. 85, 105, 135 ఎంఎం లెన్సుల్లో వెలుగు ఇంకా పక్కలకు పోవడానికి అవకాశం ఉంటుంది, లోపలి రింగులు అడ్డు పెట్టకపోతే చాలు. మూలల్లో వెలుగు తగ్గడానికి ఒక ప్రకృతి నియమం ఉంది. కిరణం ఎంత వాలుగా వస్తే, ఆ కోణపు కొసైన్ నాలుగో ఘాతం మేరకు కాంతి తగ్గుతుంది. ముందు వెనుకలు సమానంగా ఉండే సాదా నిర్మాణానికి ఈ లెక్క వేస్తే 85 ఎంఎం లెన్సులో 35 ఎంఎం ఫ్రేము మూలకు మధ్యలో ఉన్న వెలుగులో 88 శాతం చేరుతుంది, పెద్ద సెన్సర్ మూలకు 82 శాతం. కంటికి ఆ తేడా తెలియదు. 28 ఎంఎం లెన్సులో చూడండి. అక్కడ 39 శాతం ఉన్నది 26కి పడిపోతుంది. ప్రకృతే ఇంత కోత పెడితే, ఆ పైన గొట్టం అంచులు పెట్టే కోత వేరే.

వైడ్ లెన్సులతో ఆశ పెట్టుకోవద్దని చెప్పడానికి ఈ అంకెలు చాలు. అందులోనూ రేంజ్‌ఫైండర్ కెమెరాల వైడ్ లెన్సుల కథ మరీ కష్టం. వాటిలో అద్దం లేదు కాబట్టి వెనుక గాజు ఫిల్ముకు బాగా దగ్గరగా చొచ్చుకొచ్చేది, కిరణాలు మూలల్లో చాలా వాలుగా పడేవి. ఫిల్ము దాన్ని పట్టించుకోలేదు. డిజిటల్ సెన్సర్ ముందు మాత్రం ఒక గాజు పలక ఉంటుంది. వాలుగా వచ్చే కిరణం ఆ పలకలోంచి పోతూ దారి తప్పి, అంచుల్లో బొమ్మ గీతలు గీతలుగా సాగిపోతుంది, ఒక్కోసారి రంగు కూడా మారుతుంది. ఎస్ఎల్ఆర్ వైడ్ లెన్సులు ఈ విషయంలో కొంత నయం. అద్దానికి చోటివ్వడం కోసం వాటి వెనుక గాజును దూరంగా ఉంచే నిర్మాణం చేశారు గనుక కిరణాలు కాస్త నిటారుగా పడతాయి. కానీ వాటి వలయం చిన్నది. ఆ కొరత తీరేది కాదు.

వలయం సరిపోతుందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. లెన్సు ముందున్న హుడ్, ఫిల్టర్ తీసేయాలి, అవే చాలాసార్లు మూలలు మింగేస్తాయి. ఫోకస్‌ను అనంతానికి తిప్పాలి, ఎందుకంటే వలయం అక్కడే అన్నిటికంటే చిన్నగా ఉంటుంది. మబ్బు పట్టిన ఆకాశం వైపు తిప్పి, మొదట అపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, తరువాత ఎఫ్ 8 దగ్గర ఒకటి తీయాలి. తెరిచినప్పుడు మూల మసక చీకటిగా ఉండి, ఎఫ్ 8 దగ్గర వెలుగు వచ్చిందంటే అది వలయం కొరత కాదు, లెన్సు గొట్టం పెట్టిన నీడ మాత్రమే. కంప్యూటర్‌లో సవరించుకోవచ్చు, లేదా పోర్ట్రెయిట్లలో అలాగే ఉంచుకోవచ్చు. ఎఫ్ 8 దగ్గర మూల ఇంకా నల్లగా, గీత గీసినట్టు స్పష్టమైన అంచుతో కనిపిస్తే అక్కడితో వలయం అయిపోయినట్టే. అపర్చర్ ఎంత మూసినా ఆ నలుపు పోదు. నిజానికి ఇంకా గట్టిపడుతుంది. ఈ పరీక్షకు పది నిమిషాలు పట్టదు. పేరు విని లెన్సు కొనే వాళ్లు దీన్ని ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

మూలలు కాస్త కోసుకుపోతే మొత్తం పెద్ద సెన్సరే దండగ అనుకోవడం కూడా తొందరపాటే. ఫ్రేము ఆకారం మారిస్తే కావలసిన వలయం మారుతుంది. ఈ సెన్సర్ మీద చదరపు బొమ్మ తీస్తే దాని మూల నుంచి మూలకు 46.5 మిల్లీమీటర్లు. 35 ఎంఎం లెన్సు హామీ ఇచ్చిన 43.3 కంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే ఎక్కువ. అంటే వలయం ఒక్కో వైపు మిల్లీమీటరున్నర పెరిగితే చాలు, 50 ఎంఎం, ఆ పైన ఉన్న లెన్సుల్లో చాలా వాటికి ఆ మాత్రం మిగులు ఉంటుంది. అసలు ఏదీ సరిపడకపోతే కెమెరాలోనే 35 ఎంఎం ఫ్రేముకు కుదించే అమరిక ఉంది. యాభై మెగాపిక్సెల్ జీఎఫ్ఎక్స్‌లో అప్పుడు సుమారు 30 మెగాపిక్సెల్స్, వంద మెగాపిక్సెల్ కెమెరాలో 60 మిగులుతాయి.

ఇన్ని తిప్పలెందుకు, పాత మీడియం ఫార్మాట్ లెన్సులే తగిలించుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మామియా 645, పెంటాక్స్ 645, హాసెల్‌బ్లాడ్ లెన్సులు మూల నుంచి మూలకు 70, 79 మిల్లీమీటర్లున్న ఫ్రేముల కోసం చేసినవి, మూలల బాధే ఉండదు. అయితే రెండు సంగతులు మరిచిపోకూడదు. మొదటిది, ఆ పెద్ద ఫిల్మును అచ్చు కోసం తక్కువ రెట్లు పెంచితే సరిపోయేది. 56 మిల్లీమీటర్ల చదరాన్ని 50 సెంటీమీటర్ల అచ్చుకు తొమ్మిది రెట్లు పెంచితే చాలు, 36 మిల్లీమీటర్ల ఫ్రేమును పద్నాలుగు రెట్లు పెంచాలి. అందుకని 35 ఎంఎం లెన్సు చేసేవాడు ఒక్కో మిల్లీమీటరులో ఎక్కువ గీతలు విడదీసేలా చేయక తప్పలేదు. మీడియం ఫార్మాట్ లెన్సు చేసేవాడి దృష్టి పెద్ద వలయమంతా సమానంగా ఉంచడం మీద ఉండేది. ఈనాటి సెన్సర్ ఆ పెద్ద వలయంలో నడిమి భాగాన్నే వాడుకుంటుంది కాబట్టి, పేరు చూసి మీడియం ఫార్మాట్ లెన్సే మెరుగని అనుకోవడానికి ఆధారం లేదు. రెండోది, వాటిలో అపర్చర్ తక్కువ. మామియా 80 ఎంఎం ఎఫ్ 1.9 లాంటివి అరుదు, ఎక్కువ భాగం ఎఫ్ 2.8, ఎఫ్ 4. పైగా 80 ఎంఎం లెన్సు ఈ సెన్సర్ మీద 35 ఎంఎం కెమెరాలో 63 ఎంఎం చూపినంత మేరే చూపుతుంది. వైడ్ కోసం వీటి దగ్గరికి వెళ్లినా నిరాశే.

అయినా ఒక్క పనికి వాటికి సాటి లేదు. మిగిలిపోయిన ఆ వలయమే అక్కడ ఆస్తి. 56 మిల్లీమీటర్ల చదరపు ఫ్రేము కోసం చేసిన లెన్సు వేసే 79 మిల్లీమీటర్ల వలయంలో సెన్సర్‌ను నిలువుగా పెట్టుకుని, లెన్సును పొడవు వైపు దాదాపు 14 మిల్లీమీటర్లు పైకి జరిపినా బొమ్మ వలయం దాటదు. దీనికోసమే షిఫ్ట్ అడాప్టర్లు ఉన్నాయి. గాలిగోపురాన్ని కింద నుంచి కెమెరా ఎత్తి తీస్తే రెండు వైపులా గీతలు లోపలికి వాలి, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. కెమెరాను నిటారుగా ఉంచి లెన్సును మాత్రం పైకి జరిపితే గీతలు గీతల్లాగే నిలుస్తాయి, కలశం కూడా ఫ్రేములోకి వస్తుంది. కట్టడాలు, శిల్పాలు తీసే వాళ్లకు ఈ సౌకర్యం ఒక్కటే పాత మీడియం ఫార్మాట్ లెన్సు కొనడానికి చాలిన కారణం.

ఫోకస్ సంగతికి వస్తే, ఇక్కడే పాత లెన్సు తరఫున అన్నిటికంటే బలమైన వాదన ఉంది. ఫిల్ము ఎస్ఎల్ఆర్ కెమెరాలో ఫొటోగ్రాఫర్ చూసింది ఫిల్ము మీది బొమ్మను కాదు, అద్దం మీదుగా గరుకు గాజు మీద పడ్డ బొమ్మను. అద్దం కోణం రవ్వంత తప్పినా, గాజు కాస్త ఎత్తుపల్లం ఉన్నా, కంటికి స్పష్టంగా ఉన్నది ఫిల్ము మీద మసకగా వచ్చేది. ఇప్పుడు సెన్సర్ మీద పడ్డ బొమ్మనే పెద్దది చేసి చూస్తున్నాం, మధ్యలో మరో దారి లేదు. ఒక పోర్ట్రెయిట్ తీసే తీరు చూడండి. కెమెరా స్టాండు మీద ఉంది, 85 ఎంఎం లెన్సు ఎఫ్ 1.4 దగ్గర తెరిచి ఉంది, మనిషి రెండు మీటర్ల దూరంలో కూర్చుంది. వ్యూఫైండర్‌లో బొమ్మను పెద్దది చేసి దగ్గరి కంటి రెప్ప మీద నిలపాలి. రింగు నెమ్మదిగా తిప్పుతుంటే ముందు ముక్కు కొస, తరువాత చెంప మీది నూగు, ఆపైన రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటే విడివిడిగా తేలతాయి. కాస్త దాటించి, మళ్లీ వెనక్కి వచ్చి, వెంట్రుక నలుపు బాగా గట్టిపడిన చోట ఆపాలి. మామూలు సైజు అచ్చులో స్పష్టంగా కనిపించే లోతు ఇక్కడ నాలుగు, అయిదు సెంటీమీటర్లు. వంద మెగాపిక్సెల్ బొమ్మను పూర్తిగా పెంచి చూస్తే ఒక సెంటీమీటరు మించదు. పాత లెన్సుల రింగు చాలా దూరం తిరుగుతుంది కాబట్టి ఆ ఒక్క సెంటీమీటరును వేళ్లతో పట్టుకోవచ్చు. అంచులకు రంగు పూసి చూపించే ఫోకస్ పీకింగ్ మీద మాత్రం ఇంత సన్నని పనికి ఆధారపడకూడదు. అది వెలుగు నీడల తేడాను చూపుతుంది, స్పష్టత శిఖరాన్ని కాదు. ఇంకో జాగ్రత్త: కొన్ని పాత లెన్సుల్లో అపర్చర్ మూస్తే ఫోకస్ స్థానం జరుగుతుంది. ఎఫ్ 4 దగ్గర తీయదలుచుకుంటే ఎఫ్ 4 దగ్గరే ఫోకస్ చేయాలి.

మరి పరిగెత్తే పిల్లలు, పెళ్లి మండపంలో తలంబ్రాలు, ఆటల పోటీలు? అక్కడ ఆటోఫోకస్‌కు సాటి లేదు. మనిషి ఊపిరి తీసి వదిలితేనే తల ఒక సెంటీమీటరు కదులుతుంది, ఇక నడిచే వాళ్లను చేత్తో వెంబడించడం జూదమే. పెళ్లి ఫొటోలు తీసి బతికే వాళ్లను పాత లెన్సు వాడమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. నా వాదన కదలని వాటికీ, కాసేపు నిలిచే వాటికీ పరిమితం. బొమ్మలు, ఉత్పత్తులు, ముఖాలు, కట్టడాలు, ప్రకృతి, పత్రాలు. అలా పరిమితం చేసుకున్నా మిగిలే ప్రపంచం చిన్నదేమీ కాదు.

అన్నిటికంటే ఎక్కువగా వినబడే అభ్యంతరం ఇంకొకటి: వంద మెగాపిక్సెల్స్‌కు పాత గాజు ఆనదు అని. వినడానికి నిజంలా ఉంటుంది గానీ అంకెలు వేరే చెబుతున్నాయి. లెన్సుకు కావలసిన సత్తాను నిర్ణయించేది మొత్తం మెగాపిక్సెల్స్ కాదు, ఒక్కో పిక్సెల్ ఎంత చిన్నది అన్నది. జీఎఫ్ఎక్స్ 100 సెన్సర్‌లో పిక్సెల్ 3.76 మైక్రాన్లు. 2019లో వచ్చిన 61 మెగాపిక్సెల్ సోనీ ఏ7ఆర్ 4లోనూ అదే 3.76. అంటే మిల్లీమీటరుకు మిల్లీమీటరు లెక్కన పెద్ద కెమెరా కొత్తగా అడుగుతున్నది ఏమీ లేదు. ఆ చిన్న కెమెరా మీద బాగుందనిపించుకున్న లెన్సు, ఈ సెన్సర్ నడిమి భాగంలోనూ అంతే బాగుంటుంది. కొత్త పరీక్ష అంతా ఆ చివరి ఆరు మిల్లీమీటర్లలోనే. యాభై మెగాపిక్సెల్ కెమెరాలో పిక్సెల్ 5.3 మైక్రాన్లు, అక్కడ లెన్సు మీద ఒత్తిడి ఇంకా తక్కువ. పైగా సెన్సర్ వెడల్పు 36 నుంచి 43.8కి పెరిగింది గనుక అదే సైజు అచ్చుకు బొమ్మను తక్కువ రెట్లు పెంచితే సరిపోతుంది, లెన్సు లోపాలు కూడా ఆ మేరకు తక్కువగా పెరుగుతాయి. లెన్సూ సెన్సరూ కలిసి ఇచ్చే స్పష్టత ఒక గడప దగ్గర టక్కున ఆగిపోయేది కాదు. మెరుగైన సెన్సర్ మీద మామూలు లెన్సు కూడా తన పాత బొమ్మ కంటే మంచి బొమ్మే ఇస్తుంది.

అపర్చర్ లెక్క కూడా పాత లెన్సు వైపే మొగ్గుతుంది. 85 ఎంఎం ఎఫ్ 1.2 లెన్సు ఈ సెన్సర్ మీద 35 ఎంఎం కెమెరాలో 67 ఎంఎం ఎఫ్ 0.95 లెన్సు ఇచ్చే కోణాన్నీ, పలచటి లోతునూ ఇస్తుంది. ఫుజీఫిల్మ్ సొంత 80 ఎంఎం ఎఫ్ 1.7 లెన్సు ఇదే లెక్కలో 63 ఎంఎం ఎఫ్ 1.3కి సమానం. వెనుక దృశ్యం కరిగిపోయి ముఖం మాత్రమే నిలవాలనుకునే వాళ్లకు 35 ఎంఎం వరసలో దొరికేది ఫుజీఫిల్మ్ సొంత మీడియం ఫార్మాట్ వరసలో దొరకదు.

పాత లెన్సుల ప్రత్యేకత గురించి చెప్పే మాటల్లో కొంత వడకట్టాలి. ఆ ప్రత్యేకతలో ఎక్కువ భాగం సరిచేయని లోపాలే. సోవియట్ హీలియోస్ 44, అది ఆధారం చేసుకున్న జర్మన్ బయోటార్ 58 ఎంఎం ఎఫ్ 2, వెనుక ఆకుల్ని సుడి తిరిగినట్టు చూపిస్తాయి. అంచుల్లో వెలుగు చుక్కలు గుండ్రంగా కాక పిల్లి కన్నులా నలిగి రావడం దానికి ఒక కారణం. పెద్ద సెన్సర్ మీద అంచులు ఇంకా బయటికి పోతాయి గనుక సుడి ఇంకా పెరుగుతుంది. ఫోకస్ తలం చదునుగా లేక గిన్నెలా వంగి ఉండటం మరో లోపం. మధ్యలో మనిషిని పెట్టి తీసే బొమ్మలో అది అడ్డం కాదు. గోడకున్న చిత్రపటాన్ని తీసేటప్పుడు మాత్రం మధ్య స్పష్టంగా, మూలలు మసకగా వస్తాయి. లోపాన్ని లోపమని తెలిసి, కావాలని వాడుకోవడం వేరు. దానికి అందమైన పేరు పెట్టి అన్నిటికీ వాడటం వేరు.

కెమెరా ఎంపికలోనూ ఒక చిక్కుంది. జీఎఫ్ఎక్స్ లోపలే మెకానికల్ షట్టర్ ఉంది, ఏ లెన్సు తగిలించినా పని చేస్తుంది. హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వరసలో షట్టర్ లెన్సుల్లో ఉంటుంది. పాత లెన్సు తగిలిస్తే ఎలక్ట్రానిక్ షట్టరే దిక్కు. ఎక్స్1డిలో సెన్సర్ బొమ్మ మొత్తాన్ని చదవడానికి సెకనులో ఇంచుమించు మూడో వంతు పడుతుంది. ఆ లోపు వస్తువు కదిలితే వంకర పోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్ఈడీ, ట్యూబులైట్లు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. ఆ మిణుకులన్నీ బొమ్మ మీద ముప్పై చారల దాకా పడతాయి. కదలని వస్తువుకు, పగటి వెలుగులో అయితే ఇబ్బంది లేదు. జీఎఫ్ఎక్స్‌లో మొదట మెనూలోకి వెళ్లి షూట్ వితౌట్ లెన్స్ అన్నది ఆన్ చేయాలి, లేకపోతే కెమెరా లెన్సే లేదనుకుని షట్టర్ కొట్టదు. సెన్సర్‌ను కదిపి వణుకు తగ్గించే ఏర్పాటున్న కెమెరాల్లో లెన్సు ఫోకల్ లెంగ్త్ చేత్తో నమోదు చేయాలి. లెన్సు మార్చి అంకె మార్చడం మరిచిపోతే వణుకు తగ్గే బదులు కొత్త చెదురు వస్తుంది.

పాత లెన్సు కొనేటప్పుడు మన వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోస్తా ఊళ్ల ఉక్కలో, గాలి ఆడని తోలు సంచుల్లో ఏళ్ల తరబడి పడి ఉన్న లెన్సుల్లో బూజు పట్టడం సర్వసాధారణం. చీకటి గదిలో అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చి వేసి వాలుగా చూస్తే సాలెగూడు పోగుల్లాంటి తీగలు కనిపిస్తాయి. మొదట్లో తుడిస్తే పోతుంది, ముదిరితే గాజు మీది పూతను తినేసి శాశ్వతంగా మచ్చ వేస్తుంది. కొన్ని పాత లెన్సుల గాజు పసుపుగా మారి ఉంటుంది. సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4 రకాల్లో థోరియం కలిపిన గాజు వాడటం వల్ల అలా జరుగుతుంది. కొన్నాళ్లు ఎండలో పెడితే ఆ పసుపు చాలావరకు విరుగుతుంది. కొన్న లెన్సును మూత గట్టిగా బిగిసే డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచడం మనకు తప్పనిసరి.

ఈ మొత్తం లెక్క ఎంత ఉపయోగపడుతుందో చూపడానికి తాళపత్రాలకు మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు. తాటాకు పొడవుగా, సన్నగా ఉంటుంది. 45 సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న ఆకును జీఎఫ్ఎక్స్ 100 ఫ్రేము నిండేలా తీస్తే, సెన్సర్ మీద అది 43.8కి సుమారు నాలుగు మిల్లీమీటర్ల పట్టీ. మూల నుంచి మూలకు 44 మిల్లీమీటర్లు. దగ్గర వస్తువుకు ఫోకస్ చేసినప్పుడు లెన్సు ముందుకు జరిగి వలయం కూడా పెరుగుతుంది. ఈ దూరంలో 43.3 కాస్తా 47 దాటుతుంది. అంటే 35 ఎంఎం కోసం చేసిన పాత మాక్రో లెన్సు, మొత్తంగా ముందుకు కదిలే రకమైతే, తన హామీ వలయంలోనే ఆకునంతా పట్టేస్తుంది. వెడల్పున 11,648 పిక్సెల్స్ అంటే ఆకు మీద ఒక్కో మిల్లీమీటరుకు దాదాపు 26. అదే ఆకును 61 మెగాపిక్సెల్ చిన్న కెమెరాతో తీస్తే 9,504 పిక్సెల్స్, మిల్లీమీటరుకు 21. గంటం గీసిన సన్నని గాడిలో మసి నిలిచిందో చెరిగిందో తేల్చాల్సిన చోట ఆ అయిదు పిక్సెల్స్ అక్కరకొస్తాయి. ఈ పనిలో ఆటోఫోకస్ అక్కర్లేదు, వేగం అక్కర్లేదు, వంద ఆకులకు ఒకసారి ఫోకస్ చేస్తే చాలు. కావలసింది కెమెరా ఆకుకు సరిగ్గా సమాంతరంగా నిలవడం. ఆకు పెట్టే చోట చిన్న అద్దం పరిచి, వ్యూఫైండర్‌లో లెన్సు తన ప్రతిబింబాన్ని ఫ్రేము నట్టనడుమ చూసుకునే దాకా స్టాండు సవరిస్తే అది కుదురుతుంది. అప్పటికీ ఆకు ఒక కొస స్పష్టంగా, రెండో కొస మసకగా వస్తుంటే తేడా లెన్సులోనో అడాప్టర్‌లోనో ఉన్నట్టు. అదే లెన్సును మరో అడాప్టర్‌తో తగిలించి చూస్తే ఏదన్నది తెలిసిపోతుంది.